ఉత్తుత్తి ట్రేడింగ్‌లో మార్కులు దేనికి వేయాలి?

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ పిల్లలకు పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్, అంటే డబ్బుని రకరకాల పెట్టుబడుల్లో సర్ది చూసుకోవడం, చెప్తాను. ఈసారి పుస్తకంతో పాటు 10 వారాల సిమ్యులేటెడ్ ట్రేడింగ్ పెట్టాను. 40 మంది, తలా పది లక్షల ఉత్తుత్తి డబ్బు. రాబడిలో మొదటి ఐదుగురికి అదనంగా 10 మార్కులు, ఫస్ట్ వచ్చినవాళ్ళకి బహుమతి. డబ్బంతా ఒకే చిన్న కంపెనీ షేర్లో పెట్టిన అబ్బాయి 61 శాతం లాభంతో ఫస్ట్ వచ్చాడు. నేను చెప్పినట్టే ఎనిమిది రంగాల్లో సర్ది, బాండ్లు కూడా పెట్టుకున్న అమ్మాయికి 23వ స్థానం. "మేడమ్, మీ మాట విన్నందుకే కదా తను ఓడిపోయింది" అని ఎవరో అంటే క్లాసంతా నవ్వింది. ఇప్పుడు ఆ అబ్బాయి నిజం డబ్బుతో మొదలుపెట్టాడని, ఫ్రెండ్స్ దగ్గర అప్పు కూడా చేశాడని తెలిసింది. నాకు నిద్ర పట్టడం లేదు. నేను నేర్పింది పెట్టుబడా, జూదమా? వచ్చే బ్యాచ్‌కి ఇది మానేయనా?

సమాధానం:

మేడమ్ గారూ,

మానేయకండి. మార్కులు వేసే పద్ధతి మార్చండి. తప్పంతా అక్కడే ఉంది, పిల్లల్లో లేదు, మీరు చెప్పిన పాఠంలోనూ లేదు. కానీ దాని గురించి మాట్లాడుకునే ముందు ఆ అబ్బాయి సంగతి చూడాలి, ఎందుకంటే వచ్చే బ్యాచ్‌కి ఇంకా టైం ఉంది, అప్పుకి లేదు.

రేపే పిలిచి మాట్లాడండి. అందరి ముందూ కాదు, ఒక్కడినే కూర్చోబెట్టి. "నీది అదృష్టం" అని మొదలుపెట్టకండి, ఆ వయసులో ఆ మాట వింటే రోషం వస్తుంది, అదృష్టం కాదని చూపించడానికి ఇంకా పెద్ద పందెం కాస్తాడు. ఒక కాగితం ఇచ్చి లెక్క అతని చేతే వేయించండి. సొంత డబ్బు 50, అప్పు 50, మొత్తం 100 పెట్టి షేరు కొన్నాడనుకుందాం. షేరు 30 శాతం పడింది, చేతిలో 70 మిగిలింది, అందులో అప్పు 50 తీసేస్తే తనది 20. అంటే షేరు పడింది 30 శాతమే అయినా అతని సొంత డబ్బు 60 శాతం పోయింది. ఆ 70 మళ్ళీ 100 కావాలంటే 30 శాతం పెరిగితే చాలదు, దాదాపు 43 శాతం పెరగాలి, అది కూడా అప్పిచ్చినవాడు అప్పటిదాకా ఆగితేనే. ఈ లెక్క తన చేత్తో వేసుకున్న పిల్లాడికి మీరు ఇంక వేరే క్లాసు పీకక్కర్లేదు. ముందు అప్పు తీర్చేయమని అడగండి, అదొక్కటే అడగండి. అప్పు పెద్దదై ఇంట్లో చెప్పడానికి భయపడుతుంటే తోడు వెళ్ళండి. "నేను పెట్టిన మార్కుల పద్ధతి నిన్ను తప్పుదారి పట్టించింది" అని కూడా చెప్పండి, టీచరు నోటి నుంచి ఆ మాట వస్తే పిల్లలకి తమ తప్పు ఒప్పుకోవడం తేలికవుతుంది.

ఇక ఆట సంగతి. మొదటి ఐదుగురికి మార్కులు అన్నారు, మిగతా 35 మందికి ఏమీ లేదు, ఆఖరి స్థానానికి శిక్షా లేదు, పోయేది ఉత్తుత్తి డబ్బు. ఇలాంటి ఆటలో ఎనిమిది రంగాల్లో సర్దుకున్నవాళ్ళు మార్కెట్‌కి అటూ ఇటూగా మధ్యలో ఉంటారు, మధ్యలో ఉన్నవాళ్ళు ఎప్పటికీ మొదటి ఐదుగురిలో ఉండరు. గెలవాలంటే అందరికీ దూరంగా వెళ్ళాలి, పైకి పోతే బహుమతి, కిందికి పోతే ఏమీ కాదు. కాబట్టి ఆ అబ్బాయి మీ పాఠాన్ని కాదనలేదండీ, మీ నియమాలని అందరికంటే బాగా అర్థం చేసుకున్నాడు. ఇది పిల్లల బుద్ధి మాత్రమే కాదు. నిజమైన మ్యూచువల్ ఫండ్ మేనేజర్ల మీద 1996లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఏడాది మధ్యకి వెనకబడినవాళ్ళు రెండో సగంలో ముందున్నవాళ్ళకంటే ఎక్కువగా రిస్క్ పెంచుకుంటున్నారని తేలింది. నిండా మునిగినవాడికి చలేమిటి అన్నట్టు. మీ దగ్గర పాత ఆర్డర్ల జాబితా ఉంటే 8, 9 వారాలు తీసి చూడండి, అడుగున ఉన్నవాళ్ళు బాండ్లు అమ్మేసి చిన్న షేర్లలోకి దూకి ఉంటారని నా అనుమానం.

నేనూ ఇదే చేశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. మొదటి రెండేళ్ళు ప్రతి శుక్రవారం ర్యాంకుల పట్టిక బోర్డు మీద అంటించేవాణ్ణి. పిల్లలు మూగేవాళ్ళు, కేకలు, క్లాసుకి హాజరు పెరిగింది, అది చూసి పాఠం ఎక్కుతోందనుకున్నాను. రెండో ఏడాది ఒకమ్మాయికి ఆటలో 50కి 14 మార్కులు వేశాను, ఆమె నష్టంలో ముగించింది మరి. సెలవుల్లో ఆ సెట్టు నోట్‌బుక్కులు సర్దుతుంటే ఆమెది తెరిచాను. ప్రతి కొనుగోలు పక్కనా కారణం, ఎడమవైపు పెన్సిల్‌తో "ఇప్పుడు బ్యాంకులే 31 శాతం అయ్యాయి, ఎక్కువ" అని, రెండు వారాల తర్వాత తగ్గించినట్టు తేదీ. ఆ క్లాసులో పోర్ట్‌ఫోలియో అంటే ఏంటో పట్టుకున్నది ఆమె ఒక్కతే, ఆమెకి నేను 14 వేశాను. అప్పటికి ఆమె పాసై వెళ్ళిపోయింది. ఆ ఏడాది నుంచి రాబడికి నా క్లాసులో సున్నా మార్కులు.

సున్నా అంటే పిల్లలు ఊరికే ఒప్పుకోరు. అందుకని మొదటి రోజు ఒక పని చేస్తాను, మీరూ చేయండి. 40 మందినీ నిలబెట్టండి, తలా ఒక నాణెం. బొమ్మ పడితే నిలబడాలి, బొరుసు పడితే కూర్చోవాలి. మొదటిసారికి సగం మంది కూర్చుంటారు, తర్వాత పది మంది దాకా మిగులుతారు, ఆ తర్వాత ఐదుగురు, అలా. వరసగా ఐదుసార్లు బొమ్మ వేసేవాళ్ళు 32 మందిలో ఒకరుంటారు, 40 మంది ఉన్న క్లాసులో కనీసం ఒక్కరైనా అలా మిగిలే అవకాశం నూటికి 72. ఆ మిగిలినవాళ్ళని ముందుకి పిలిచి "నీ టెక్నిక్ ఏంటి" అని సీరియస్‌గా అడగండి. ఒకసారి ఒకబ్బాయి "బొటనవేలితో మెల్లగా లేపానండి" అన్నాడు, నిజంగానే అన్నాడు, ఆ ఐదు నిమిషాల్లోనే తనకో పద్ధతి ఉందని నమ్మేశాడు. అప్పుడు బోర్డు మీద "10 వారాల ట్రేడింగ్ విజేత" అని రాసి కాసేపు మాట్లాడకుండా ఉంటే చాలు.

ఆ తర్వాత లెక్క. ఒక మార్కెట్ ఇండెక్స్ (మార్కెట్ మొత్తం ఎటు కదులుతోందో చూపే సూచీ) ఏడాదికి 20 శాతం ఊగుతుందనుకోండి, అంటే ప్రామాణిక విచలనం 20. ఊపు కాలం వర్గమూలం లెక్కన పెరుగుతుంది కాబట్టి 10 వారాలకి అది దాదాపు 9 శాతం అవుతుంది. అదే మార్కెట్ ఏడాదికి సగటున 10 శాతం ఇస్తుందనుకున్నా 10 వారాల వాటా 2 శాతం లోపే. అంటే మీరు కొలవాలనుకున్నదానికంటే గాలివాటం నాలుగు రెట్లు పైనే, అదీ మొత్తం ఇండెక్స్‌కి, ఒక్క చిన్న కంపెనీ షేరైతే ఊపు ఇంకా రెండు మూడు రెట్లు. ఇంకో లెక్క పిల్లల్ని బాగా కదిలిస్తుంది: ఒకరికి నిజంగానే ప్రతిభ ఉండి బెంచ్‌మార్క్ కంటే, అంటే పోల్చుకోవడానికి పెట్టుకున్న ఇండెక్స్ కంటే, ఏడాదికి 2 శాతం ఎక్కువ తెస్తారనుకుందాం, ఆ తేడా ఏటా 6 శాతం అటూ ఇటూ ఊగుతుందనుకుందాం, అది ప్రతిభే, కాకతాళీయం కాదు అని గణాంకశాస్త్రం మామూలుగా అడిగే స్థాయిలో తేల్చడానికి 36 ఏళ్ళు పడుతుంది. మనం 10 వారాలకి బహుమతి ఇచ్చేస్తున్నాం.

మరి రాబడి కాకపోతే ఏం చూడాలి? నేను చూసేది ఒక్కటే: ఆర్డర్ పెట్టడానికి ముందు ఏం రాశారు, ఆ రాసినదానికి కట్టుబడ్డారా, లేక మార్చుకుంటే ఎందుకు మార్చుకున్నారు.

దీనికి ముందు ప్రతి గ్రూపుకీ ఒక క్లయింట్‌ని ఇవ్వాలి. నలుగురేసి పది గ్రూపులు చేయండి. ఒక గ్రూపుకి ఉద్యోగంలో కొత్తగా చేరిన 25 ఏళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళ తర్వాతే డబ్బు కావాలి. ఇంకో గ్రూపుకి రిటైరైన మనిషి, ఏడాదికి మొత్తంలో 4 శాతం ఇంటి ఖర్చుకి తీసుకోవాలి. మరో గ్రూపుకి ఒక చిన్న ట్రస్టు, మూడేళ్ళ తర్వాత స్కాలర్‌షిప్పులు ఇస్తామని మాటిచ్చేసింది. క్లయింట్లు వేరైతే రాబడులు పోల్చుకోవడానికే కుదరదు, రిటైరైనాయన డబ్బుతో 61 శాతం తెచ్చిన గ్రూపుని "ఆయన డబ్బుతో ఇంత రిస్క్ ఎలా తీసుకున్నారు" అని నిలదీయొచ్చు, మొత్తం సంభాషణే మారిపోతుంది. మొదటి రెండు వారాలు అసలు ట్రేడింగే వద్దు. క్లయింట్ కోసం ఒక పేజీ పాలసీ రాయాలి: డబ్బు ఎందుకు, ఎప్పుడు, ఎంత నష్టం దాకా తట్టుకోగలరు, షేర్లు ఎంత బాండ్లు ఎంత, ఆ వాటాలు ఎంత తప్పితే మళ్ళీ సరిచేస్తారు, ఒక్క కంపెనీలో గరిష్ఠంగా ఎంత. రెండు వారాలు స్క్రీను ముట్టుకోనివ్వకపోతే గొడవ చేస్తారు, చేయనివ్వండి.

ఇక నోట్‌బుక్. ప్రతి ఆర్డర్‌కి ముందు, తర్వాత కాదు, ముందు, నాలుగు మాటలు: ఏం కొంటున్నాం, ఎంత, ఎందుకు, ఏం జరిగితే మా అంచనా తప్పని ఒప్పుకుంటాం. ఆ ఆఖరిది రాయించడమే అసలు కష్టం. మొదట్లో "ఈ షేరు బాగా పెరుగుతోంది కాబట్టి కొన్నాం" అని రాస్తారు. తిప్పి పంపండి. మూడు నాలుగు సార్లు తిప్పి పంపాక ఇలాంటివి వస్తాయి: "ఈ మందుల కంపెనీ, 4 శాతం. మా దగ్గర బ్యాంకులు ఇప్పటికే 22 శాతం, వడ్డీ రేట్ల వార్త రాగానే అన్నీ కలిసి కదులుతున్నాయి. దీనికి అప్పు దాదాపు లేదు. వచ్చే రెండు త్రైమాసికాల్లో అమ్మకాలు తగ్గితే మేం తప్పు. ఊరికే ధర పడితే అమ్మం." ఇది రాసినవాళ్ళకి ఆ షేర్లో నష్టం వచ్చినా నేను పూర్తి మార్కులు వేస్తాను. రాయకుండా కొన్నవాళ్ళకి అది రెట్టింపైనా ఆ ట్రేడ్‌కి సున్నా.

ఇప్పుడు సిమ్యులేటర్ సెట్టింగులు, వీటిని చాలామంది పట్టించుకోరు. మామూలుగా ఇవి కమిషన్ సున్నాతో వస్తాయి, ఎన్ని షేర్లు అడిగినా తెర మీద ఉన్న ధరకే ఇచ్చేస్తాయి. నిజం మార్కెట్ అలా ఉండదు. కొన్నా అమ్మినా 0.25 శాతం ఖర్చు పెట్టండి, వారం వారం పోర్ట్‌ఫోలియో అంతా మార్చేవాళ్ళకి వారానికి అర శాతం చొప్పున 10 వారాల్లో 5 శాతం ఖర్చుల్లోనే పోతుంది, అది వాళ్ళ స్టేట్‌మెంట్లో వాళ్ళకే కనపడాలి. బార్బర్, ఓడియన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 1991 నుంచి 1996 దాకా ఒక అమెరికన్ బ్రోకరేజీలోని 66,465 కుటుంబాల ఖాతాలు చూస్తే, అందరికంటే ఎక్కువగా ట్రేడ్ చేసినవాళ్ళకి ఏడాదికి 11.4 శాతం వచ్చింది, అదే కాలంలో మార్కెట్ 17.9 ఇచ్చింది. ఆ అంకెలు క్లాసులో చెప్పండి, కానీ ముందు వాళ్ళ సొంత స్టేట్‌మెంట్ చూపించి ఆ తర్వాత చెప్పండి. ఆర్డర్ ఇవాళ పెడితే మర్నాటి ముగింపు ధరకే పడేటట్టు చూడండి, దాంతో క్లాసులో బల్ల కింద ఫోన్ చూడటం ఒక్క రోజులో ఆగిపోతుంది, తెర చూసినా లాభం లేదు కాబట్టి. మీ విజేత కొన్నటువంటి చిన్న షేర్లకి ఇంకో నియమం: ఆ షేరు రోజువారీ సగటు లావాదేవీల్లో 5 శాతం మించి కొనకూడదు. నిజంగా అంత డబ్బు అందులో పెట్టబోతే ధర తన కొనుగోలుకే పైకి పరిగెత్తొచ్చు, అమ్మేటప్పుడు కొనేవాడు దొరక్కపోవచ్చు. అప్పు తీసుకుని కొనడం, ఆప్షన్లు ఈ కోర్సులో పూర్తిగా ఆపేయండి.

రాబడికి మార్కుల్లేవు అన్నాను కానీ రాబడిని విడదీసి చూడటానికి మాత్రం చాలా మార్కులున్నాయి. నాకు ఈ పాఠం అన్నిటికంటే ఇష్టం. ఒక గ్రూపు పాలసీలో షేర్లు 60, బాండ్లు 40 అని రాసుకుంది. ఆ కాలంలో షేర్ల ఇండెక్స్ 8 శాతం, బాండ్ల ఇండెక్స్ 1.5 శాతం వచ్చింది. ఏమీ చేయకుండా పాలసీ ప్రకారం రెండు ఇండెక్స్ ఫండ్లు (ఇండెక్స్‌లో ఉన్నవాటినే అలాగే కొని పెట్టుకునే ఫండ్లు) పట్టుకుని కూర్చుంటే 4.8కి 0.6 కలిపి 5.4. గ్రూపు తెచ్చింది 6.5. "మార్కెట్‌ని కొట్టాం మేడమ్" అని వస్తారు. కాసేపు ఆగమని, కాలమంతా వాళ్ళు నిజంగా పట్టుకున్న వాటా ఎంతో అడగండి: షేర్లు 80, బాండ్లు 20. అదే 80, 20 ఇండెక్స్ ఫండ్లలో ఉంటే ఎంత వచ్చేది? 6.4కి 0.3 కలిపి 6.7. అంటే 5.4 నుంచి 6.7కి వెళ్ళిన 1.3 శాతం క్లయింట్‌కి చెప్పకుండా ఎక్కువ రిస్క్ తీసుకున్నందుకు వచ్చింది. రాత్రంతా కూర్చుని ఏరిన షేర్ల వల్ల వచ్చింది ఏంటి? 6.7 నుంచి 6.5, అంటే 0.2 నష్టం. ఈ కూడికలు బోర్డు మీద తేలేసరికి ఆ గ్రూపు మొహాలు చూడాలి. పిల్లల్ని చిన్నబుచ్చడానికి కాదు నేను చెప్పేది, లాభం వచ్చిందంటే దానికి కారణం మనం అనుకున్నదేనా అని అడిగే అలవాటు ఆ క్షణంలోనే పడుతుంది.

ఆ అమ్మాయి ఎనిమిది రంగాల గురించి కూడా ఒక మాట. రంగాల సంఖ్య చూసి మురిసిపోకూడదు, అవి కలిసి కదులుతున్నాయా విడిగా కదులుతున్నాయా అన్నది చూడాలి. హ్యారీ మార్కోవిట్జ్ అనే ఆర్థికవేత్త 1952లో చెప్పింది ఇదే, దానికే 1990లో షార్ప్, మిల్లర్‌లతో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఏడాదికి 30 శాతం ఊగే రెండు షేర్లు, ఒకదానితో ఒకటికి సంబంధం లేకుండా కదిలితే, సగం సగం పెట్టిన పోర్ట్‌ఫోలియో ఊపు 21 శాతానికి దిగుతుంది. రెండిటి సహసంబంధం (ఎంత కలిసి కదులుతాయో చెప్పే అంకె, పూర్తిగా కలిసి కదిలితే 1) 0.3 ఉంటే 24. రెండూ ఒకే తీగకి కట్టినట్టు కదిలితే 30కి 30 అలాగే ఉంటుంది, పేర్లు రెండు తప్ప వస్తువు ఒకటే. తన ఎనిమిది రంగాల వారం వారం రాబడులు ఎక్సెల్‌లో వేసి, ఏ రెండు ఎంత కలిసి కదిలాయో చూపే పట్టిక ఆమె చేతే చేయించండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చేసినా ఒక లోటు ఉంటుంది. ఉత్తుత్తి డబ్బు పోతే కడుపులో తిప్పదు. 10 వారాల్లో మార్కెట్ బాగుంటే పిల్లలు పతనం అనేదే చూడకుండా పాసైపోతారు. దీనికి పాత కాలాన్ని మళ్ళీ నడిపించండి. 2007 నుంచి 2009 దాకా ధరలు తీసుకుని, తేదీలు చెరిపేసి, కంపెనీలకి మారుపేర్లు పెట్టి, మొదటి ధర అన్నిటికీ 100గా మార్చి, క్లాసుకి ఒక నెల చొప్పున ఇవ్వండి. అమెరికా ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ 2007 అక్టోబర్ శిఖరం నుంచి 2009 మార్చి దాకా దాదాపు 57 శాతం పడింది, పాత స్థాయిని దాటింది 2013 మార్చిలో. 57 శాతం పడ్డది మళ్ళీ మొదటికి రావాలంటే 130 శాతం పైనే పెరగాలి. ఒక జాగ్రత్త, జాబితాలో ఆ తర్వాత మునిగిపోయిన కంపెనీలు కూడా ఉండాలి, లేమన్ బ్రదర్స్ అనే అమెరికన్ బ్యాంకు లాంటివి. ఇవాళ బతికున్న కంపెనీలతోనే జాబితా చేస్తే పడినదల్లా మళ్ళీ లేస్తుందని పిల్లలు నేర్చుకుంటారు, అంతకంటే ప్రమాదకరమైన పాఠం లేదు. 2020 పతనం వద్దు, ఫిబ్రవరి నుంచి మార్చి దాకా 34 శాతం పడి ఆగస్టుకల్లా తేరుకుంది, ఆ గీత చూడగానే గుర్తుపట్టేస్తారు.

ఇందులో షేర్లు మొదటి 25 శాతం పడ్డ రోజు క్లాసు ఆపండి. 60, 40 గ్రూపుని పిలవండి. 60 ఉన్న షేర్లు 45 అయ్యాయి, బాండ్లు 40 అలాగే ఉన్నాయి, మొత్తం 85. షేర్ల వాటా 53 శాతానికి దిగింది. 5 శాతం తప్పితే సరిచేస్తామని వాళ్ళే రాసుకున్నారు. సరిచేయాలంటే షేర్లు 51 ఉండాలి, అంటే పడుతున్న మార్కెట్లో ఇంకో 6 కొనాలి. కొంటారా? నిశ్శబ్దం. ఎవరో ఒకరు "ఇంకా పడితే" అంటారు. రెండు వారాల పాటు విసుక్కుంటూ రాసిన ఆ ఒక్క పేజీ ఎందుకో అప్పుడు తెలుస్తుంది. ఆ రోజే ఇంకో పని, ప్రతి గ్రూపూ తన క్లయింట్‌కి ఒక ఉత్తరం రాయాలి: మీ డబ్బు ఇంత తగ్గింది, కారణం ఇది, మేం చేయబోయేది ఇది. పక్క గ్రూపువాళ్ళు క్లయింట్లుగా కూర్చుని ప్రశ్నలు వేస్తారు. మా క్లాసులో ఒకమ్మాయి రిటైరైన క్లయింట్ కుర్చీలో కూర్చుని మెల్లగా "మరి వచ్చే నెల ఖర్చులకి ఏం అమ్ముతారమ్మా" అని అడిగింది. ఉత్తరంలో ఆ సంగతే లేదు. ఆ గ్రూపు నలుగురూ తలలు దించుకున్నారు, మర్నాడు పాలసీలో ఏడాది ఖర్చులు విడిగా నగదులో పెట్టి తెచ్చారు. నేను ఎన్నిసార్లు లెక్చరిచ్చినా రాని మార్పు అది.

కోర్సు ఆఖర్లో ఒక్క లెక్క చాలు. ప్రతి ఒక్కరూ తమ ఆర్డర్ల జాబితా తీసి, లాభంలో ఉన్న షేర్లలో ఎన్ని అమ్మారు, నష్టంలో ఉన్నవాటిలో ఎన్ని అమ్మారు అని లెక్కపెట్టాలి. 12 లాభాల్లో 9 అమ్మి, 10 నష్టాల్లో 2 అమ్మితే 75 శాతానికి 20 శాతం. లాభం రాగానే జేబులో వేసుకోవడం, నష్టాన్ని ఒప్పుకోలేక పట్టుకు వేలాడటం. 1985లో షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి డిస్పోజిషన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. పుస్తకంలో చదివితే అది ఎవరి జబ్బో అనిపిస్తుంది, తన జాబితాలో తన 75, తన 20 చూసుకున్నాక అలా అనిపించదు. విచిత్రమేంటంటే ఉత్తుత్తి డబ్బుతో కూడా ఈ బుద్ధి బయటపడుతుంది, చాలా స్పష్టంగా.

మార్కులు నేను ఇలా వేస్తాను: 100కి పాలసీకి 25, నోట్‌బుక్‌కి 35, రాబడి విడదీసిన రిపోర్టుకి 25, క్లయింట్ ఉత్తరానికి 15. మీ సిలబస్‌ని బట్టి అటూ ఇటూ చేసుకోండి. ర్యాంకుల పట్టిక మాత్రం అంటించకండి. దీనివల్ల మొదటి నాలుగు వారాలు హుషారు తగ్గుతుంది, అది భరించాలి. మీకు పని కూడా పెరుగుతుంది, పది గ్రూపుల నోట్‌బుక్కులు వారం వారం చదవడం తక్కువ శ్రమ కాదు, నేను వారానికి నాలుగు గ్రూపులవి చీటీ తీసి చదువుతాను, ఎవరిది వస్తుందో తెలియదు కాబట్టి అందరూ రాస్తారు.

బహుమతి ఇస్తామని కాలేజీవాళ్ళు ఈసారి కూడా పట్టుబడితే ఇవ్వనివ్వండి, మంచి నోట్‌బుక్‌కి ఇవ్వండి, దానిలోంచి రెండు పేజీలు రాసినవాళ్ళ అనుమతితో క్లాసులో చదివి వినిపించండి. ఈ బ్యాచ్ ఇంకా కాలేజీలోనే ఉంది కదా, 23వ స్థానం వచ్చిన అమ్మాయి దగ్గర ఏమైనా రాతలు ఉన్నాయేమో అడిగి చూడండి. ఉంటే, ఆ రోజు నవ్విన క్లాసులోనే ఆ పేజీలు చదవండి.